నేను నేర్పిన మూడక్షరాలు

నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో మొదటిదాన్ని, మా వీధి మొత్తానికీ మొదటిదాన్ని. ఫస్టు క్లాసు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విన్నాక మీకు నా సంతోషం వినబుద్ధి కాకపోవచ్చు.

ఐదేళ్ళుగా నా గొంతులో ఒక లైను అడ్డం పడి ఉంది. ఒకే ఒక్క లైను. చేప ముల్లులాగా. అన్నం మింగినప్పుడు తెలుస్తుంది, నవ్వినప్పుడు తెలుస్తుంది, ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మరీ తెలుస్తుంది. అమ్మకి చెప్పలేదు. హాస్టల్లో నా పక్క మంచం స్నేహితురాలికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా చుట్టూ తిప్పి చెప్పానుగాని సూటిగా చెప్పలేదు, ఆయనకి ఎలాగూ తెలుసు కదా అని. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

పోయిన నెల అనకాపల్లిలో నెట్ సెంటర్లో నా నంబరు కొట్టించి, తెరమీద పాస్ అని చూసి, డబ్బులివ్వడం కూడా మర్చిపోయి బయటికి పరిగెత్తాను. మళ్ళీ వెనక్కి వచ్చి ఇచ్చాను. బెల్లం మార్కెట్టు వైపు నుంచి వాసన వస్తోంది. ఐదేళ్ళు పీల్చిన వాసనే, ఆ రోజు కొత్తగా ఉంది. మాడుగుల నుంచి చదువుకోడానికి వచ్చిన స్నేహితురాలు హల్వా పొట్లం చేతిలో పెట్టింది. నక్కపల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు టిక్కెట్టు చింపుతుంటే ఆయనకి కూడా చెప్పేశాను. "మంచిదమ్మా, ఏ ఊరు?" అన్నాడు. ఊరి పేరు చెప్పగానే గొంతులో ముల్లు కదిలింది.

ఎందుకంటే ఆ ఊళ్ళో రూతమ్మ మామ్మ ఉంది.

రూతమ్మ మామ్మ నాకు చుట్టం కాదు. మాదీ ఆమెదీ ఒకటే గోడ. ఆ వయసు వాళ్ళందరినీ మేం మామ్మ అనే పిలుస్తాం. ఆమెకి పందొమ్మిదేళ్ళప్పుడు భర్త మిలట్రీలో చనిపోయాడు, బంగ్లాదేశ్ యుద్ధంలో. అప్పటికి పెళ్ళయి ఏడాదిన్నర. టెలిగ్రాం వచ్చిన పూట వీధిలో చదవగలిగిన మనిషి ఒక్కరూ లేరు. సెలవు దొరికింది, వస్తున్నాడు అనుకుందట ఆమె. ఇల్లు అలికింది. అత్తగారితో చెప్పి కోడిని కోయించింది. తలంటుకుని, ఆ కాయితం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. సాయంత్రం పాస్టరు గారు సైకిలు మీద వచ్చి చదివి చెప్పేదాకా అలాగే కూర్చుంది.

"సచ్చిపోయిన మనిసి కోసం తలంటుకున్నాను గుంటా, అచ్చరం ముక్క రాక," అనేది నాతో. ఎన్నిసార్లు అన్నదో. ఏడవకుండా అనేది. అదే భయంగా ఉండేది.

యుద్ధంలో పోయిన వాళ్ళ భార్యలకి ఇచ్చే భూమి ఆమెకీ ఇచ్చారు. కొండ కింద రెండెకరాలు, సగం రాళ్ళే. మొగుణ్ణి మింగినదానికి భూమి కూడానా అన్నారు అత్తవారు. మరిది నాగలి కట్టి దున్నేసుకున్నాడు. ఆమె నాగలి ముందు కూర్చుంది. లేవదీసి పక్కన పడేస్తే మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆఫీసుల చుట్టూ చెప్పుల్లేకుండా మూడేళ్ళు తిరిగి ఆ భూమి తన పేరున నిలబెట్టుకుంది. జీడిమొక్కలు పెట్టింది. బతికినవి నలభై ఒకటి. ఇంకో పెళ్ళి చేసుకోలేదు. పిల్లల్లేరు. ఆ నలభై ఒక్కటే.

జీడిపిక్క తొక్కలోని రసం మీకు తెలుసో లేదో. చర్మాన్ని కాలుస్తుంది. ముప్పై ఏళ్ళు పిక్కలు ఒలిచిన ఆమె వేళ్ళమీద గీతలన్నీ తినేసింది. పింఛనుకి వేలిముద్ర వేస్తే కాయితం మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ పడేది కాదు. కౌంటర్లో ప్రతి నెలా గొడవే. "ఏటమ్మా ఇది, ఏలా బొగ్గా?" అని వాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేసేది. ఇంటికొచ్చాక మాత్రం బొటనవేలు చీరకొంగుతో చాలాసేపు తుడుచుకునేది.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో కొండ కింద భూములకి కంపెనీ వచ్చింది. బడి వరండాలో బల్లలు వేసి ఒప్పుదల కాయితాలు తీసుకున్నారు. వీధిలో ఆడవాళ్ళంతా నిశానీలే, వేలిముద్ర వేసేవాళ్ళే. నిశానీ అయితే కాయితం అందరి ముందూ పైకి చదివి వినిపించాలి, వినిపించామని కింద రాయాలి. అది వాళ్ళ పద్ధతి. అందుకని ఒక్కో కాయితం చదువుతున్నారు. రూతమ్మ మామ్మ వంతు వచ్చింది. చివర్లో ఒక లైను ఉంది: పై భూమిని, అందులోని చెట్లతో సహా, నా ఇష్టపూర్వకంగా అప్పగించుటకు సమ్మతించుచున్నాను.

ఆమె లేచి నిలబడింది.

"నా ఇట్టం అని ఆ కాయితంలో ఎవుడు రాసేడు? నా ఇట్టం నాకు తెలకుండా ఆడికి తెలిసిపోయిందేటి?"

వరండా అంతా నవ్వింది. ఆఫీసు నుంచి వచ్చిన ఆయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె రెండెకరాలు సరిగ్గా మధ్యలో ఉన్నాయి. అవి లేకపోతే అటూ ఇటూ ఉన్నవాటితో పని లేదు.

మా ఊళ్ళో కంపెనీ తరఫున మాట్లాడే మనిషి సత్యం మావయ్య. మాకు చుట్టం కాదు, అందరికీ మావయ్యే. నా ఫలితాలొచ్చిన వారంలో మా ఇంటికొచ్చాడు. అనకాపల్లిలో హాస్టలు సీటు కోసం అమ్మ అప్పటికే రెండుసార్లు వెళ్ళి ఉత్తి చేతులతో తిరిగొచ్చింది. సీటు రాకపోతే నేను కూడా జీడిపిక్కల షెడ్డుకే. నా చెల్లెలు అప్పటికే వెళుతోంది. దాని వేళ్ళు చూసినప్పుడల్లా నా వేళ్ళు దాచుకునేదాన్ని.

అమ్మ లోపల టీ పెడుతుంటే అతను నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"మార్కులు బాగొచ్చేయే. కానీ మార్కులకి ఎవుడిత్తాడు సీటు? మాట సెప్పేవోడుండాల. నాను సెప్తాను. నువ్వు నాకో పని సేసి పెట్టు. రూతమ్మకి సంతకం నేర్పు. పదిరోజుల్లో వచ్చీయాల."

"సంతకం ఎందుకు మావయ్యా?"

నవ్వాడు. దాయలేదు కూడా. నేనొక మనిషినని అతను అనుకోలేదు కాబట్టి దాయలేదు. "ఏలిముద్రయితే పైకి సదవాల. సదివితే ఆవిడ లేచిపోద్ది. సంతకమైతే సదువొచ్చిన మనిసి, సదూకునే పెట్టింది అంటారు. ఎవుడూ సదవక్కర్లేదు. తెలిసిందా? తెలివైన పిల్లవి."

తెలిసింది. నాకు పూర్తిగా తెలిసింది. నేను చిన్నపిల్లని, అర్థం కాలేదు, అని ఐదేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. పదిహేనేళ్ళు. లెక్కల్లో తొంభై ఎనిమిది. అర్థం కాకపోవడమేమిటి?

మర్నాడు పలకతో ఆమె అరుగు మీదికి వెళ్ళాను. "మామ్మా, పింఛను దగ్గర నిన్ను నవ్వుతున్నారు కదా. సంతకం నేర్పుతాను," అన్నాను. అబద్ధం కాదు. ఆ ఉపాయం సత్యం మావయ్యది కూడా కాదు, నాదే. ఆమెకి ఎక్కడ నొప్పిగా ఉందో నాకు తెలుసు, అతనికి తెలీదు.

ఆ పది రోజుల గురించి ఎలా చెప్పాలో నాకు తెలీడం లేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా, అవి నా జీవితంలో చాలా మంచి రోజులు. పొద్దు వాలే వేళకి ఆమె తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, చర్చికి వెళ్ళేముందు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చునేది. రూ. త. మ్మ. మూడక్షరాలు. మొదటిదాని దగ్గరే మూడు రోజులు పోయాయి.

"ఇదేటే, పాము పడగెత్తినట్టుంది! నా బాబు ఇంకో పేరెట్టకపోయేడా?"

"ఇంకా ఒత్తు ఉంది మామ్మా, మ కింద."

"కిందన కూడానా! ఒక్క మనిసికి ఇన్ని వంకరలా?"

పలక మీద రాసింది. బొగ్గుతో అరుగు మీద రాసింది. తోటలో మట్టి మీద కర్రతో రాసిందట, మేక తొక్కేస్తే మేకని తిట్టిందట. తొమ్మిదో రోజు పొద్దున్న లేచి చూస్తే మా గోడ మీద, మా వైపున, ఇంత పెద్ద అక్షరాలతో రూతమ్మ అని ఉంది. అమ్మ కోప్పడబోయి నవ్వేసింది. పింఛను కౌంటర్లో సంతకం పెట్టిన రోజు తిన్నగా మా ఇంటికొచ్చి నా నోట్లో కోవాబిళ్ళ పెట్టింది. "ఈ పాలి ఆడు నవ్వనేదు గుంటా. తలెత్తి సూసేడు."

నేను ఆ కోవా తిన్నాను. చాలా బాగుంది. ఆమె మీద నాకు ప్రేమ ఉందా ఆ రోజు? ఉంది. మోసం చేస్తున్నానని తెలుసా? తెలుసు. రెండూ ఒకే మనిషిలో, ఒకే పూట, ఒకదాన్నొకటి తాకకుండా ఎలా కూర్చున్నాయో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ప్రేమ నటన అయి ఉంటే బాగుండేది. నన్ను నేను అసహ్యించుకోడం తేలికయ్యేది.

తర్వాతి వారం సత్యం మావయ్య ఇంటి వరండాలో కాయితం పెట్టారు. జీడిచెట్లు ఎన్నున్నాయో రాసుకుంటున్నారు, రాయించుకుంటే ఎవరూ ముట్టుకోరు అని చెప్పారు ఆమెకి. నేను పక్కన నిలబడ్డాను. నిలబడమన్నారు. ఆమె కాయితం తీసుకుంది, సరిగ్గానే పట్టుకుంది, తలకిందులుగా కాదు, నేను అది కూడా నేర్పాను కదా. కొంచెంసేపు చూసింది. నా వైపు వంచింది.

"గుంటా, ఏటుంది ఇందులో?"

ఆ వరండా, ఆ బల్ల, బల్ల మీద నీళ్ళ గ్లాసు, గ్లాసు మీద మూతగా పెట్టిన పోస్టుకార్డు, అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. కాయితంలో పన్నెండు లైన్లు. చదివాను. వేలు పెట్టి చదివాను.

"నీ పేరుంది మామ్మా. తాత పేరుంది. రెండెకరాలని ఉంది. నలభై ఒక్క జీడిచెట్లని ఉంది."

"సరిగ్గానే రాసేరు. నలభై ఒకటే. ఇంకేటుంది?"

"అంతే మామ్మా."

పదకొండు లైన్లు చదివాను. పన్నెండోది వదిలేశాను. అది నేను చేసిన పని. బల్ల దగ్గర ఉన్నవాళ్ళెవరూ నా చెయ్యి మెలిపెట్టలేదు. సత్యం మావయ్య నా వైపు చూడను కూడా లేదు, చెప్పులో మట్టి దులుపుకుంటున్నాడు. ఆమె నాలుక పళ్ళమధ్య పెట్టుకుని మూడక్షరాలు రాసింది. ఒత్తు మర్చిపోబోయి మళ్ళీ పెట్టింది. పెట్టి, నా వైపు చూసి, కనుబొమలెగరేసింది. ఎలా ఉంది అన్నట్టు.

బాగుంది అన్నట్టు నేను తలూపాను.

యంత్రాలు వచ్చిన రోజు ఆమె వాటి ముందు కూర్చుంది. అప్పుడు నాగలి ముందు కూర్చున్నట్టే. వాళ్ళు కాయితం తెచ్చి వీధి అందరి ముందూ చూపించి, "ఈ సంతకం నీదేనా అమ్మా?" అన్నారు. కాదు అనుంటే ఏమయ్యేదో. ఆమెకి సంతకం రాదని వీధిలో సగంమంది సాక్ష్యం చెప్పేవారు, వాళ్ళకింకా తెలీదు. ఆమె కాయితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నాదే. నానే రాసేను," అంది.

కాదనలేకపోయింది. జీవితంలో తన చేత్తో రాయడం వచ్చినది ఆ పేరొక్కటే. దాన్ని ఎలా కాదంటుంది?

వీధి మారిపోయింది. పైకి గొడవ చేసి లోపల ఎక్కువకి బేరం కుదుర్చుకుందని అన్నారు. కుళాయి దగ్గర మా పిన్ని వరసావిడ బిందె పక్కకి జరిపి, "సదూకున్న మారాణి గారండి, ముందు ఆవిణ్ణి పట్టుకోనీండి," అంటే అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నా బిందె నిండుతోంది. ఆదివారం చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. మిలట్రీ వాడి పెళ్ళాం, నాగలిని ఆపిన మనిషి, ముప్పై ఏళ్ళు ఆమెకి ఉన్న పేరు ఒక్క వారంలో పోయింది.

నాకు సీటు వచ్చింది. పెట్టె సర్దుకుంటుంటే ఆమె వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"నీ తప్పేటుందే. నువ్వు నాకు రాయడం నేర్పేవు. సదవడం నానే నేర్సుకోనేదు," అంది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ చెయ్యి గరుకుగా నా పాపిట మీద తగిలింది. ఇప్పటికీ తల దువ్వుకుంటుంటే అక్కడికొచ్చి దువ్వెన ఆగుతుంది.

ఈ ఐదేళ్ళుగా ఆమె తోటలేని మనిషై షెడ్డులో పరాయి పిక్కలు ఒలుస్తోంది. నేను డిగ్రీ పుస్తకాలు ఒకటొకటిగా దాటాను. సెలవులకి వచ్చినప్పుడు ఆమె ఇంటి ముందు నుంచి కాక వెనక సందులోంచి వెళ్ళేదాన్ని.

ఇక పోయిన నెల. బస్సు దిగేసరికి అమ్మ రోడ్డు మీదే ఉంది. చెల్లి కేకలు. వీధిలో ఇంటింటికీ హల్వా. కుళాయి దగ్గర మాటలాడిన ఆ పిన్నే నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నిజంగా సంతోషంతో. అందరూ వెళ్ళాక చీకటి పడకముందు రూతమ్మ మామ్మ వచ్చింది. ఉతికిన తెల్లచీర. చేతిలో ప్లాస్టిక్ కవరు. అమ్మ ఆకులో హల్వా పెట్టి ఇచ్చింది. తీసుకుని పక్కన పెట్టుకుంది.

"నీకివ్వడానికి నా దగ్గరేటీ నేదు. నిన్నే ఒకటి అడుగుదామని వచ్చేను. డిగ్రీ సదివిన మనిసివి. ఇయి రెండూ ఒకపాలి సదివి పెట్టు. సంతకం వచ్చని అందరికీ తెలిసిపోయేక ఇంకెవుల్నీ అడగడానికి సిగ్గేసింది."

కవర్లో రెండు కాయితాలు. మడతల దగ్గర చిరిగిపోయిన టెలిగ్రాం. ఒప్పుదల కాయితం నకలు.

టెలిగ్రాం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పాను. రెండు లైన్లే. ఆమె కళ్ళు మూసుకుని విని, "ఇంతేనా? పాస్టరు గారు సానాసేపు సెప్పేరు," అంది. తర్వాత రెండోది ముందుకు జరిపింది.

మొదలుపెట్టాను. నీ పేరుంది మామ్మా. తాత పేరుంది. రెండెకరాలు. నలభై ఒక్క చెట్లు. పదకొండో లైను అయిపోయింది. ఈసారి కూడా ఆగిపోవచ్చు అని నాకు అనిపించింది. అవును, డిగ్రీ అయ్యాక కూడా అనిపించింది. అది కూడా మీకు చెప్పాలి. కాని నోరు దానంతటది చదివేసింది. చెట్లతో సహా, నా ఇష్టపూర్వకంగా.

ఆమె కాయితం తన వైపు తిప్పుకుని చూసింది. వీధిలో ఎవరిదో రేడియో. "ఆ దినం కూడా ఈ లైనుందా?" అంది.

"ఉంది మామ్మా."

"నువ్వు సూసేవా?"

"చూశాను."

"సూసి ఒగ్గేసేవా?"

నేను తలూపాను. ఆ రోజు బాగుంది అన్నట్టు ఊపిన తలే. కాళ్ళు పట్టుకుందామని వంగాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది, కోపంగా కాదు, పక్క నుంచి నీళ్ళు పారుతుంటే తీసుకున్నట్టు. రెండు కాయితాలూ మడిచి కవర్లో పెట్టుకుంది. హల్వా ఉన్న ఆకు తీసి జాగ్రత్తగా నా పక్కన పెట్టింది. వెళ్ళిపోయింది. లోపలి నుంచి అమ్మ, "అప్పుడే ఎల్లిపోనాదేటి మామ్మ?" అని అడిగింది.

ఒకటో తారీఖున నేనూ నక్కపల్లి వెళ్ళాను. ఎందుకెళ్ళానో తెలీదు. పింఛను లైన్లో ఆమె వెనక నలుగురి తర్వాత నిలబడ్డాను. కౌంటర్లో ఆయన ఆమెని గుర్తుపట్టి పెన్ను ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. బొటనవేలు చాపింది.

"అదేటమ్మా, సంతకం పెడతావు కదా?"

"రాదు బాబూ," అంది.

సిరా పెట్టె తెచ్చారు. వేలు అద్దించారు. నేను నిలబడ్డ చోటి నుంచి కూడా కనిపించింది. ఒక్క గీత లేని నల్లటి మచ్చ. ఆయన ఏదో అన్నాడు, పక్కవాళ్ళు నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు.

ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వీధి ఇంకా ఆమెనే దొంగ అనుకుంటోంది, నన్నే చూసి నేర్చుకోమని పిల్లలకి చెబుతోంది. మా గోడ మీద ఆ మూడక్షరాలు మొన్నటిదాకా ఉండేవి. మొన్న పొద్దున్న చూస్తే పేడతో అలికేసి ఉంది.

అందుకే ఇది రాశాను. ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఇంకా చాపల మీద ఉండగానే లేచి దీన్ని పైకి చదవాలని ఉంది. చదువుతానో లేదో, ఈ పూటకి నాకు తెలీదు. నా ధైర్యం ఎంతో మీరు చూశారు కదా. కాని రాసింది మొదటి నుంచి చివరిదాకా ఒకసారి గదిలో పైకి చదువుకున్నాను, మీరు ఎదురుగా కూర్చున్నారనుకుని. గొంతు రెండుచోట్ల ఆగింది. ఏ లైనూ వదల్లేదు.